రాచర్ల గేటు, కంభం రాయి, ఒక బొత్తాం కాజా
(మాటల వలస – ధారావాహిక, ఆరో భాగం)

గిద్దలూరులో ఎవరినడిగినా రాచర్ల గేటు ఎక్కడో చెబుతారు. రైలు గేటు వల్ల పుట్టిన పేరది. ఇప్పుడది బస్సుల వాళ్ళకూ ఆటోల వాళ్ళకూ ఒక స్టాపు, ఊళ్ళో ఒక కూడలి. పోయిన భాగంలో బందరు రేవులో దిగిన విదేశీ మాటల గురించి చెప్పుకున్నాం. ఈసారి సముద్రానికి దూరంగా, నల్లమల అంచున ఉన్న ఈ పశ్చిమ ప్రకాశంలోకి వచ్చాం. ఇక్కడ రోజూ నోట్లో నలిగే చిన్న చిన్న మాటలు ఐరోపాలో ఎక్కడ పుట్టాయో, ఏ దారిన ఇంత లోపలికి చేరాయో చూద్దాం. గేటు దగ్గరే మొదలుపెడదాం.

గేటు పడిందంటే ఆగాలి, లేచిందంటే పోవచ్చు. మన వాడుకలో గేటు ఒక అడ్డం. పుట్టినప్పుడు దాని అర్థం అందుకు పూర్తిగా ఎదురు. పాత ఇంగ్లీషులో 'యాట్' అంటే గోడలోనో కంచెలోనో మనిషి దూరడానికి వదిలిన ఖాళీ. దాని దగ్గరి చుట్టం డచ్చి భాషలో 'గాట్'. ఈనాటికీ ఆ మాటకు కన్నం అనే అర్థం. ఖాళీని మూసే తలుపుకు కాలక్రమాన ఆ ఖాళీ పేరే అంటుకుపోయింది. ఇంగ్లాండు ఉత్తర భాగంలో, యార్కు లాంటి పాత పట్టణాల్లో మాత్రం వీధుల పేర్ల చివర ఇంకో గేటు కనిపిస్తుంది. అది వైకింగులు వెంట తెచ్చిన 'గాటా'. దాని అర్థం వీధి. స్వీడన్‌లో ఇప్పటికీ వీధిని గాటా అనే అంటారు. జర్మన్‌లో ఇరుకు సందుకు 'గాస్సె' అని పేరు. ఒకే శబ్దంలో రెండు వేర్వేరు మాటలు కలిసిపోయాయి. ఒకటి కన్నం, ఒకటి బాట. రాచర్ల గేటు దగ్గర ఆ రెండు అర్థాలూ పనికొస్తాయి.

గేటును ఇక్కడికి తెచ్చింది రైలు. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే ఈ మార్గాన్ని 1880ల్లో మీటరు గేజి మీద వేశారు. దాన్ని నడిపింది సదరన్ మరాఠా రైల్వే కంపెనీ. 1876–78 నాటి ధాత కరువులో దత్తమండలాలకు ధాన్యం చేరవేయలేక ప్రభుత్వం చేతులెత్తేసింది. అలాంటి చావులు మళ్ళీ రాకూడదని తలపెట్టిన కరువు రైలు మార్గాల్లో ఇది ఒకటి. దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట దాటి ఆ మీటరు గేజి నల్లమలను ఎక్కింది. లోయ మీద కట్టిన దొరబావి వంతెన ఆ రోజుల్లో చూడడానికి జనం వెళ్ళేంత గొప్ప కట్టడం. 1990ల్లో బ్రాడ్‌గేజి వచ్చాక మార్గం పక్కకు జరిగింది, పాత వంతెన అడవికి మిగిలిపోయింది.

ఈ రైలుకు పడమటి కొస పోర్చుగీసు గడ్డ మీద ఉందన్న సంగతి మన ప్రాంతంలో తక్కువ మందికి తెలుసు. 1878లో బ్రిటిష్, పోర్చుగీసు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో గోవాలోని మొర్ముగావ్ రేవు నుంచి పడమటి కనుమల మీదికి ఒక మీటరు గేజి లేచింది. అది హుబ్లీ, గుంతకల్లుల మీదుగా మన పట్టాలతో కలిసింది. కంభం స్టేషనులో ఎక్కించిన బస్తా బండ్లు మారినా గేజి మారకుండా గోవా రేవు దాకా పోగలిగేది. పోర్చుగీసు మాటలు మన దగ్గరికి రైల్లో రాలేదు, అంతకు మూడు వందల ఏళ్ళ ముందే ఓడల్లో వచ్చాయి. వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు ఈ రైలు సంగతి. లాటిన్‌లో 'రేగుల' అంటే తిన్నని బద్ద, గీత గీసుకునే కొయ్య. పాత ఫ్రెంచిలో అది అరిగి 'రెయిల్' అయింది, ఇంగ్లీషు దాన్ని తీసుకుని అడ్డకమ్మీ అనే అర్థంలో వాడుకుంది. ఇంగ్లాండు బొగ్గు గనుల్లో గుర్రాలు లాగే బళ్ళ కోసం కొయ్యకమ్మీలు పరిచినప్పుడు వాటికి ఆ పేరే పెట్టారు. కొయ్య పోయి ఇనుము వచ్చినా పేరు నిలిచింది. ఆ 'రేగుల'కు ఇంకా చాలామంది పిల్లలున్నారు. ఇంగ్లీషులో నియమానికి వాడే 'రూల్', ఫ్రెంచిలో 'రెగ్ల్', జర్మన్‌లో 'రేగెల్', పోర్చుగీసులో గీతబద్దకు 'రేగ్వ', అన్నీ దాని సంతానమే. ఐరోపాలో చాలా దేశాలు మాత్రం రైలు మార్గానికి కమ్మీ పేరు తీసుకోలేదు, ఇనుప బాట అని తమ తమ మాటల్లో చెప్పుకున్నాయి. ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, పోర్చుగీసు భాషలన్నిటిదీ అదే పద్ధతి. మన పెద్దలు ధూమశకటం అన్నారు, జనం పొగబండి అన్నారు. చివరికి మిగిలింది రైలే. ఇంగ్లీషువాడి రైలు నేల మీద పడుకుని ఉంటుంది, మన రైలు పరిగెడుతుంది. నేల మీద ఉన్న కమ్మీలను మనం పట్టాలన్నాం.

లాటిన్ 'రేగుల' వెనక ఇంకా పాత ధాతువు ఒకటి ఉంది. తిన్నగా చేయడం, తిన్నగా నడిపించడం దాని అర్థం. లాటిన్‌లో రాజుకు 'రేక్స్' అనే పేరు దాని నుంచే వచ్చింది. సంస్కృతంలో ఋజు అంటే తిన్ననిది, రాజన్ అంటే ఏలేవాడు. ఈ రెండూ ఆ ధాతువు నుంచి వచ్చినవేనని భాషావేత్తల్లో ఎక్కువమంది అంటారు. రాజు తెలుగు నోట్లో పడి కొన్నిచోట్ల రాచ అయింది. రాచకొండ, రాచబాట, రాచరికం అందరికీ తెలిసినవే. రాచర్ల పేరు ముందు వినిపించే రాచ కూడా అదే అనుకుంటే, రాచర్ల గేటు అనే పేరుకూ అక్కడ ఆగి చూసే రైలుకూ వేల ఏళ్ళ నాటి చుట్టరికం ఉన్నట్టే. ఒకటి సంస్కృతం దారిన వచ్చింది, మరొకటి లాటిన్, ఫ్రెంచి, ఇంగ్లీషుల దారిన వచ్చింది. రెండు దారులూ గిద్దలూరులో కలిశాయి. కోర్టులో అడిగే ఋజువు కూడా ఈ కుటుంబంలోదే.

ఇలాంటి చుట్టరికాలు ఉన్నాయని ఐరోపా పండితులకు గట్టిగా చెప్పినవారిలో ఒకరు తెలుగు నేర్చిన ఫ్రెంచి పాదిరి. ఆయన పేరు గాస్తోఁ కూర్దూ. 1691లో పుట్టి 1732లో ఇండియాకు వచ్చాడు, 1779లో పుదుచ్చేరిలో చనిపోయాడు. జెసూట్ల కర్ణాటక మిషన్‌లో పనిచేశాడు, తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చాడు. 1767లో పారిస్‌లోని విద్వత్ అకాడమీకి ఆయనొక ప్రశ్న పంపాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ ఇన్ని మాటలు ఉమ్మడిగా ఎలా ఉన్నాయన్నది ఆ ప్రశ్న సారం. దానం, లాటిన్ 'దోనుం', రెంటికీ ఇవ్వడమే అర్థం. విధవ, లాటిన్ 'విదువ', అర్థమూ ఒకటే. సంస్కృతంలో అస్మి, అసి, అస్తి అని నడిచే క్రియ లాటిన్, గ్రీకుల్లో ఎలా నడుస్తుందో పక్కపక్కన పెట్టి చూపించాడు. వ్యాపారం వల్ల వచ్చాయేమో, దండయాత్రల వల్ల వచ్చాయేమో అని ఒక్కొక్క కారణాన్నీ ఎత్తి చూసి పక్కన పెట్టాడు. సరుకుల పేర్లయితే సంతలో మారకం అవుతాయి గాని అంకెలూ 'ఉన్నాను, ఉన్నావు' అనే క్రియలూ సంతలో కొనుక్కునేవి కావు. కాబట్టి ఈ భాషలకు మూలం ఒక్కటే అయి ఉండాలన్నాడు. కలకత్తాలో విలియం జోన్స్ ఇదే సంగతి చెప్పి పేరు తెచ్చుకున్నది 1786లో. కూర్దూ రాసినది అచ్చయ్యేసరికి 1808 వచ్చింది. అప్పటికి ఆయన చనిపోయి 29 ఏళ్ళు. తెలుగువాళ్ళ మధ్య తిరిగిన ఈ పండితుడి పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక్కడొక జాగ్రత్త తీసుకోవాలి. సంస్కృతానికీ లాటిన్‌కూ చుట్టరికం ఉందంటే తెలుగుకు ఉన్నట్టు కాదు. 1816లో ఎ.డి. క్యాంబెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణానికి మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక పీఠిక రాశాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటిది వేరే కుటుంబమని అందులో ధాతువులు పేర్చి చూపించాడు. ఆ పనిలో మద్రాసు కాలేజీ పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతుపట్టిక ఆయనకు పునాది అయింది. కన్ను, చెయ్యి, నీరు, రాయి, పాలు, ఊరు లాంటి మన సొంత పొట్టి మాటలకు ఐరోపాలో చుట్టాలు లేరు. రాచ మనింటికి పాతకాలంలో వచ్చిన అతిథి, రైలు నిన్నమొన్న వచ్చిన అతిథి. మన ఇంట్లోనే ఆ ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడ్డారు.

రాయి అన్నాం కాబట్టి మార్కాపురం పోదాం. ఈ ప్రాంతం మొత్తానికి దేశమంతా పేరు తెచ్చిన వస్తువు పలక. ప్లాస్టిక్ రాకముందు దూరదూరాల బడిపిల్లల చేతుల్లో ఉన్నది మార్కాపురం రాతిపలకే. చుట్టూ కొయ్య చట్రం, మీద బలపం గీతలు, చెరపడానికి తడిగుడ్డ, నల్లగా నిగనిగలాడడానికి బొగ్గూ ఆకుపసరూ కలిపి చేసే పూత. ఆ రాయి కడప బేసిన్ అనే పురాతన శిలల గుంపులోది. 1872లో భూగర్భ సర్వే పండితుడు విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం వెలువరించినప్పటి నుంచీ ఈ పలకరాతి పొరలకు శాస్త్రంలో కంభం పేరే నిలిచింది. కోట్ల ఏళ్ళ కింద బురదగా పేరుకుని, అణగి, వేడికి గట్టిపడిన రాయి అది. పొరలు పొరలుగా ఉండడమే దాని గుణం.

గనిలోంచి తీసిన దిమ్మను పక్కకు నిలబెట్టి, పలుచని ఉలిని అంచున ఆనించి, సుత్తితో తేలిగ్గా కొడతారు. గట్టిగా కొడితే పగిలిపోతుంది. పొర ఎటు పోతున్నదో చేతికి తెలియాలి. నాలుగు దెబ్బల్లో సన్నని గీత పాకి, రాయి రెండుగా విడుతుంది. విడిన ముఖం రంపంతో కోసినదానికన్నా చదునుగా ఉంటుంది. రాతికి పేరు పెట్టినప్పుడు ఐరోపా జనం చూసింది కూడా ఈ విడిపోవడాన్నే. ఇంగ్లీషు 'స్లేట్'కు మూలం పాత ఫ్రెంచి 'ఎస్క్లాట్'. దాని అర్థం చీలిన పెచ్చు. ఇప్పటి ఫ్రెంచిలో అది 'ఎక్లా'. పెచ్చు అనే అర్థంతో పాటు మెరుపు, ధగధగ అనే అర్థం కూడా దానికి వచ్చింది. జర్మన్‌లో ఈ రాయి 'షీఫర్', అంటే మొదట చీలిక. డేనిష్, నార్వే భాషల్లో 'స్కిఫర్'. గ్రీకులో చీలినదానికి 'స్కిస్తోస్' అంటారు, పొరల రాళ్ళలో ఒక రకానికి శాస్త్రజ్ఞులు పెట్టుకున్న 'షిస్ట్' పేరు దాని నుంచే పుట్టింది. డచ్చివాళ్ళు మాత్రం 'లై' అన్నారు. అది బండరాయికి ఉన్న పాత పేరు. ఫ్రెంచివాళ్ళు తమ 'ఎస్క్లాట్'ను ఇంగ్లీషుకు ఇచ్చేసి, ఇంట్లో ఈ రాయిని 'ఆర్ద్వాజ్' అంటారు.

గ్రీకు 'స్కిస్తోస్'కు సంస్కృతంలో చుట్టం ఛిద్ ధాతువు. ఛేదించడం, ఛిన్నం దాని నుంచి వచ్చాయి. ఛిన్నాభిన్నం అంటాం కదా, అందులో రెండో సగం భిద్ ధాతువు. అది లాటిన్‌లో చీల్చడానికి ఉన్న 'ఫిందెరె'కూ ఇంగ్లీషులో కొరకడానికి ఉన్న 'బైట్'కూ బంధువు. పళ్ళతో చీల్చడమే కొరకడం. మన పలక సంస్కృత ఫలకం నుంచి వచ్చిన మాట. ఆ ఫలకాన్ని కూడా చీలడం అనే అర్థమున్న ఫల్ ధాతువుతో కలిపి చెప్పిన పండితులున్నారు. మార్కాపురం గనిలో ఉలి పట్టిన చెయ్యి రోజూ చేసే పని ఇన్ని భాషల్లో పేరుగా గడ్డకట్టింది. ఆ చేతికి దక్కింది మాత్రం కొద్దిపాటి కూలి, ఊపిరితిత్తుల్లోకి పోయే రాతిదుమ్ము. నోటుపుస్తకం వచ్చి పలక బేరం తగ్గాక అదే రాయి గోడలకూ నేలకూ పైకప్పులకూ వేసే టైల్సుగా విదేశాలకు పోతున్నది. పేరు పశ్చిమం నుంచి వస్తే సరుకు పశ్చిమానికి వెళ్ళింది.

ఇక ఓడల్లో వచ్చిన మాటలు. పాత తెలుగులో పోర్చుగీసువారు బుడతకీచులు, డచ్చివారు వలందులు, ఫ్రెంచివారు పరాసులు. ఇలా పిలిచిన కాలంలో తీరంలో దిగిన మాటలు సంతల వెంట, దర్జీల వెంట, సిపాయిల వెంట నల్లమల దాకా వచ్చాయి. ఏ మాట ఎవరిదో ఎలా తెలుస్తుందని పాఠకులు అడుగుతున్నారు. ఒక బొత్తాం చాలు చూపించడానికి. కంభంలోనో గిద్దలూరులోనో దర్జీ కొట్టు ముందు 'కాజాలు కుట్టబడును' అనే మాట చూసే ఉంటారు. బొత్తాం దూరే రంధ్రం కాజా. పోర్చుగీసులో 'కాజ' అంటే ఇల్లు. బొత్తాం దూరే రంధ్రాన్ని కూడా వాళ్ళు బొత్తాం ఇల్లు అంటారు. స్పానిష్‌లోనూ ఇంటికి ఇదే మాట ఉంది గాని అక్కడ అది 'కాసా' అని పలుకుతుంది, పైగా వాళ్ళు బొత్తాం రంధ్రానికి కంటి నుంచి పుట్టిన వేరే పేరు పెట్టారు. ఇంగ్లీషువాళ్ళకూ జర్మన్లకూ అది ఒట్టి రంధ్రమే. మన మాటలో జ ఉంది, అర్థం బొత్తానికి సంబంధించినది. అందుకే అది పోర్చుగీసు నుంచి తప్ప మరో చోటి నుంచి వచ్చి ఉండదు. బొత్తాం కూడా వాళ్ళ 'బొతావుఁ'.

పేకాటలో తురుపు ముక్క ఇంకో సాక్ష్యం. మూలం లాటిన్ 'త్రియుంఫుస్'. రోములో గెలిచి వచ్చిన సేనాని ఊరేగింపుకు ఆ పేరు. దానికీ వెనక గ్రీకులో మద్యదేవుడు డయోనిసస్‌ను కీర్తించే పాట పేరు ఉంది. పోర్చుగీసులో అది 'త్రుంఫు', జర్మన్‌లో 'ట్రుంఫ్', ఇంగ్లీషులో 'ట్రంప్', డచ్చిలో 'త్రూఫ్'. అన్నిట్లోనూ సున్న ఉంది, ఒక్క డచ్చిలో లేదు. మన తురుపులోనూ లేదు. వలందుల సిపాయిలో గుమాస్తాలో మనవాళ్ళకు నేర్పిన ఆట అది. కక్కసు కూడా వలందుల మాటే. వేలం మాత్రం పోర్చుగీసు 'లెయిలావుఁ', వాళ్ళకు అది అరబ్బుల నుంచి వచ్చింది. పొదిలి, కనిగిరి, వెల్లంపల్లి పొగాకు వేలం కేంద్రాల్లో రైతు నిలబడి వినే ఆ మాట వెనక చాటింపు వేయడమనే అరబ్బీ అర్థం ఉంది.

పాదిరి చరిత్ర ఇంకాస్త పెద్దది. పోర్చుగీసు 'పాద్రే', లాటిన్ 'పాతేర్', సంస్కృతం పితృ, ఇంగ్లీషు 'ఫాదర్', అన్నీ తండ్రే. నల్లమలలో పుట్టి, రాచర్ల మండలంలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి దగ్గర దూకి, కంభం చెరువు నింపి ఒంగోలు వైపు పోయే గుండ్లకమ్మలోనే, వెల్లంపల్లి దగ్గర, 1878 జులై 3న అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. ఆ మిషన్‌ను నడిపిన జాన్ క్లౌ మాట్లాడింది ఇంగ్లీషు. అయినా తెలుగులో క్రైస్తవ గురువుకు నిలిచిన పేరు అంతకు ఎంతోముందు కతోలిక్కుల వెంట వచ్చిన పాదిరే. ముందొచ్చిన మాట చోటు పట్టుకుంది.

ఈ మాటలను తెలుగులో భాగంగా గుర్తించి నిఘంటువుకెక్కించిన మొదటివారిలో సి.పి. బ్రౌన్‌ను చెప్పుకోవాలి. 1820లో ఆయన కడపలో ఉద్యోగంలో చేరేనాటికి కంభం సీమ కడప జిల్లాలోది. 1858లో అది కర్నూలుకు పోయింది, 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వచ్చింది, ఆ జిల్లాకే తర్వాత ప్రకాశం పేరు పెట్టారు. పండితులు ఏవగించుకున్న కచేరీ మాటలకూ సంతమాటలకూ బ్రౌన్ 1854లో మిశ్రభాషా నిఘంటువు అని విడిగా ఒక పుస్తకమే వేశాడు. జనం వాడే మాటను తక్కువగా చూడని ఆ గుణం కోసం ఆయనకు నమస్కరించాలి.

చివరిగా మైలు. రోమను సిపాయిలు వెయ్యి అంగలను 'మిల్లె పాసూస్' అన్నారు. ఎడమకాలు లేచి మళ్ళీ ఎడమకాలు పడితే ఒక అంగ. వెయ్యి అంగలకు సుమారు 1,480 మీటర్లు. అంగలు పోయి వెయ్యి మిగిలింది, అదే మైలు. ఇంగ్లాండులో 1593లో చట్టం దాన్ని 1,760 గజాలుగా ఖాయం చేసింది. స్వీడన్‌లో ఇవాళ 'మీల్' అంటే ఏకంగా పది కిలోమీటర్లు. మనకు ఆమడలూ కోసులూ ఉండేవి. తెల్లవాళ్ళు పాతిన మైలురాళ్ళు వాటిని మింగేశాయి. 1950ల చివర మెట్రిక్ కొలతలు వచ్చి మైలును కిలోమీటరు మింగింది. కిలో గ్రీకు మాట, అర్థం వెయ్యి. సంస్కృతంలో సహస్రం, గ్రీకు 'ఖీలియోయ్', లాటిన్ 'మిల్లె' మూడింటిలోనూ ఒకే పాత మూలం దాగి ఉందని భాషావేత్తలు లెక్కగట్టారు. గిద్దలూరు రోడ్డు మీద రాళ్ళు మార్చినా, మారింది ఒక వెయ్యికి బదులు ఇంకో వెయ్యి. మన వెయ్యి ఆ కుటుంబంలోది కాదు, అది ద్రావిడం.

వచ్చే భాగంలో ఆమడలు, కోసులు, మూరలు, బారలు, వాటిని కొలిచిన కరణాల లెక్కపుస్తకాలు.